పెక్కు డిస్కులు, ఒక్క కొట్టుగది

కుటుంబపు ఆస్తి యనగా భూమి, బంగారము, పాత్రసామగ్రి యని మాత్రమే లెక్కించు కాలము గడచినది. నేడు ప్రతి గృహమునందును తూకమునకు రాని మఱియొక యాస్తి దినదినము పెరుగుచున్నది. బిడ్డ తొలియడుగులు వేసిన నాటి చలనచిత్రము, పెండ్లినాటి ఛాయాచిత్రములు, స్వర్గస్థులైన తాతగారి కంఠస్వరము, ఇంటి దస్తావేజుల ప్రతులు, పిల్లల పరీక్షాపత్రములు, అమ్మమ్మ చెప్పుచుండగా వ్రాసికొన్న ఊరగాయల పాళ్ళు - ఇవి యన్నియు కంప్యూటరులోని హార్డు డిస్కులందు నిలువయై యున్నవి. పూర్వము భోషాణమునందును, గోడమీది పటములందును ఉండెడి వస్తువులకు ఇప్పుడీ డిస్కులే నివాసము. భోషాణపు తాళపుచెవి గృహిణి కొంగున నుండెడిది. ఈ క్రొత్త భోషాణపు కీలకము మాత్రము తఱచుగా ఇంటిలో ఒక్కరికే తెలిసియుండును. అందేమున్నదో, అది యెంత భద్రముగా నున్నదో తక్కినవారికి తెలియదు. ఈ కొఱత తీఱవలెనను కోరికతోనే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కంప్యూటరు కొన్ననాడు అందొక్క డిస్కుండును. అది నిండగనే మఱియొకటి కొందుము. పాత కంప్యూటరు పాడైనపుడు దాని డిస్కును మాత్రము తీసి దాచుదుము. ప్రయాణములకై యొక చిన్న బయటి డిస్కు వచ్చి చేరును. ఇట్లు నాలుగైదేండ్లు గడచునప్పటికి 'డి' యని యొకటి, 'ఇ' యని యొకటి, 'ఎఫ్' అని యొకటి, తెరమీద అక్షరములు బారులు తీర్చును. ఒకదానియందు రవ్వంత చోటుండదు. మఱియొకటి సగము ఖాళీగా నుండును. పెద్దమ్మాయి పెండ్లిచిత్రములు ఎందున్నవో వెదకుట, కందిపప్పు ఏ డబ్బాలో పోసితిమో మఱచి కొట్టుగది యంతయు తిరుగవేయుటవంటిదే.

అట్టి సమయమున ఎవరికైనను ఒక యాలోచన తోచును: ఈ డిస్కుల నన్నింటిని కలిపి, ఒక్క పేరుతో, ఒక్క పెద్ద కొట్టుగదివలె చేసికొనరాదా? చేసికొనవచ్చును. అందులకు వలయు సాధనములు నేటి కంప్యూటరులతోనే వచ్చుచున్నవి. వేఱుగా వెల యిచ్చి కొననక్కఱలేదు. ఐనను కలుపుటకు ముందు ప్రతి గృహిణియు ఒక్క ప్రశ్న వేసికొనవలెను. కలిపినవానిలో ఒకటి చెడినచో ఏమి పోవును? దీనికి ప్రత్యుత్తరము తెలిసినపిమ్మటనే పనికి పూనుకొనవలెను. ఏలయన, డిస్కులను కలుపుట చోటును పెంచును గాని భద్రతను తనంతట పెంచదు. కొన్ని విధముల కూర్పులలో ఉన్న భద్రతయును తఱిగిపోవును.

డిస్కు యొక్క స్వభావము

హార్డు డిస్కు పైకి ఇనుపపెట్టెవలె కనబడును గాని, లోపల మిక్కిలి సుకుమారమైన యంత్రము. అద్దమువలె మెఱయు గుండ్రని బిళ్ళలు ఒకదానిపై నొకటి కూర్చబడియుండును. వానిపై అయస్కాంతపు పూత యుండును. ఇవి నిమిషమునకు 5400 సార్లుగాని 7200 సార్లుగాని తిరుగుచుండగా, సన్నని చేతుల చివరనున్న మొనలు బిళ్ళలను తాకకుండ, వెండ్రుక మందములో ఎన్నవవంతో చెప్పరానంత యెత్తున తేలుచు వ్రాయుచు చదువుచు నుండును. తిరుగుచున్న డిస్కు క్రిందపడినను, గట్టిగా కుదిపినను, ఆ మొన బిళ్ళను గీరును. అంతటితో అచ్చట వ్రాసినది పోవును. ఇప్పుడు వచ్చుచున్న 'ఎస్.ఎస్.డి.' యను డిస్కులందు తిరుగు భాగములు లేవు; కావున కుదుపునకు తాళును. కాని అవియును చిరంజీవులు కావు. కొన్ని యే సూచనయు నీయకయే ఒక్కసారిగా మూగపోవును.

ఈ సాధనము ఎంత త్వరగా పెరిగినదో తలచుకొన్న ఆశ్చర్యము కలుగును. 1956వ సంవత్సరమున అమెరికాలో ఐ.బి.యం. కంపెనీవారు తొలి హార్డు డిస్కును బయటికి తెచ్చిరి. అందు 24 అంగుళముల వ్యాసముగల బిళ్ళలు 50 ఉండెను. అది పెద్ద బీరువాయంత చోటు నాక్రమించి, 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను. నేడు అరచేత నిముడు డిస్కొకటి 4 టెరాబైట్లు, అనగా నాలుగు లక్షల కోట్ల బైట్లు దాచుచున్నది. ఇంత సంపద యొక్క చిన్నపెట్టెలో నిమిడినందుననే, అది పోయినప్పుడు కలుగు నష్టమును అంత పెద్దదగుచున్నది.

కొనువారికి కలుగు సందేహ మొకటి యిచ్చటనే తీర్చెదము. 1 టెరాబైటు అని వ్రాసియున్న డిస్కును కంప్యూటరునకు తగిలింపగా 931 గిగాబైట్లని చూపును. అంగడివాడు మోసగించెనని అనుకొనరాదు. తయారుచేయువారు వెయ్యి చొప్పున లెక్కింతురు. విండోసు 1024 చొప్పున లెక్కించును. శేరు మాఱినప్పుడు కొలత మాఱినట్లే గాని గింజలు తగ్గలేదు.

కలుపుటలో పలు తెఱగులు

డిస్కులను కలుపు విధములు అయిదు గలవు. పేర్లు వేఱువేఱుగా నున్నను, ఏ కంప్యూటరునందైనను ఏర్పాటులన్నియు ఈ యైదింటిలోనికే వచ్చును.

మొదటిది, పేరునకు మాత్రమే కలుపుట. డిస్కులు దేనికదియే యుండును. పైన నొక్క వాకిలి పెట్టుదుము. విండోసునందు 'డిస్క్ మేనేజ్‌మెంట్' అను చోట, ఒక డిస్కునకు అక్షరమునకు బదులుగా ఒక ఖాళీ ఫోల్డరును వాకిలిగా నీయవచ్చును. అప్పుడు 'మన యిల్లు' అను ఫోల్డరు తెఱచినచో అందు 'ఛాయాచిత్రములు' ఒక డిస్కునుండియు, 'చలనచిత్రములు' మఱియొక డిస్కునుండియు వచ్చును. చూచువారికి అంతయు ఒక్కచోటనే యున్నట్లుండును. లినక్సు వాడువారికి 'మెర్జర్ ఎఫ్.ఎస్.' అను సాధన మున్నది; అది పలు డిస్కులలోని ఫైళ్ళను ఒక్క పట్టికగా చూపును, కాని ఒక్కొక్క ఫైలు ఏదో యొక డిస్కుపై పూర్తిగానే యుండును. ఈ విధమున ఒక డిస్కు చెడిన అందులోనిదియే పోవును, తక్కినవి నిలుచును. ఎక్కువ హంగులు లేని గృహమునకు ఇది యెంతయు మేలైన పద్ధతి.

రెండవది, కొసకు కొస చేర్చుట. ఒక డిస్కు నిండినపిమ్మట రెండవదానిలోనికి, అది నిండిన మూడవదానిలోనికి వ్రాత సాగును. కంప్యూటరునకు ఇవి యన్నియు ఒక్క పొడవైన డిస్కువలె కనబడును. చోటు ఏమాత్రము వ్యర్థము కాదు. కాని ఏ ఫైలు ఎందున్నదో తెలుపు పట్టిక యంతటికిని ఒక్కటియే కావున, ఒక డిస్కు చెడినచో తక్కినవానిలోనిదియు చదువుటకు సాధారణముగా వీలుపడదు.

మూడవది, పంచి వ్రాయుట. ఒక్కొక్క ఫైలును ముక్కలు చేసి, మొదటి ముక్క ఒక డిస్కుపైని, రెండవది రెండవదానిపైని వ్రాయుదురు. పలువురు కలిసి పిండి విసరినట్లు పని త్వరగా సాగును. కాని ప్రతి ఛాయాచిత్రమును తునుకలై యన్నింటిపైని పఱచియుండును. ఒక్క డిస్కు పోయినచో ఏ చిత్రమును పూర్తిగా మిగులదు. కుటుంబపు జ్ఞాపకములకు ఇది తగిన చోటు కాదు.

నాలుగవది, అద్దపు ప్రతి. వ్రాసిన ప్రతి యక్షరమును రెండు డిస్కులపై ఒక్కమాటుగా వ్రాయుదురు. ఒకటి చెడినను రెండవదానియందు సర్వము నుండును. చోటు సగమై పోవును. అది యీ భద్రతకు మనము చెల్లించు మూల్యము.

అయిదవది, మొత్తము కట్టి యుంచుట. దీనిని 'ప్యారిటీ' యందురు. మూడు డిస్కులున్నవనుకొందము. మొదటిదానిలో 7, రెండవదానిలో 5 వ్రాసి, మూడవదానిలో ఆ రెంటి మొత్తము 12 వ్రాసితిమి. రెండవది పోయినదా, 12నుండి 7 తీసివేసిన 5 మరల దొరకును. కంప్యూటరు చేయు గణితము వేఱైనను భావ మిదియే. మూడు డిస్కుల చోటులో రెండింటి చోటు మనకు మిగులును. ఏ యొక్కటి చెడినను తక్కిన రెంటినుండి దానిని తిరిగి కట్టవచ్చును. వ్రాయునప్పుడు మాత్రము పని కొంత మందముగా సాగును.

ఈ విచారమునకు ఒక చరిత్ర కలదు. 1988వ సంవత్సరమున అమెరికాదేశమున బర్క్లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను ముగ్గురు పండితులు 'రెయిడ్' అను పేరుతో నొక వ్యాసము ప్రకటించిరి. మిక్కిలి వెలగల యొక్క పెద్ద డిస్కునకు బదులు పెక్కు చౌకడిస్కులను కూర్చి వాడవచ్చునని వారి వాదము. ఐనను వారు అచ్చటనే ఆగలేదు. డిస్కుల సంఖ్య పెరిగినకొలది వానిలో ఏదో యొకటి చెడు నవకాశమును పెరుగునని లెక్క కట్టి చూపి, కావున అదనపు ప్రతిగాని మొత్తముగాని వ్రాసి తీరవలెనని చెప్పిరి. కలుపుమని చెప్పినవారే కాపు పెట్టుమనియు చెప్పిరి. మనము మొదటి మాట విని రెండవది మఱవరాదు.

లెక్క చూచిన తెలియును

ఆ లెక్కను ఇంటిమట్టునకు తెచ్చి చూతము. సౌలభ్యమునకై ఏటికి నూఱు డిస్కులలో మూడు చెడుననుకొందము. ఒక్క డిస్కున్న యింటివారికి ఆ యేట సర్వము పోవు నవకాశము నూటికి మూడు. అట్టివి మూడు డిస్కులను కాపు లేకుండ కలిపినచో, మూటిలో ఏది చెడినను సర్వము పోవును గనుక, అవకాశము నూటికి సుమారు తొమ్మిది యగును. చోటు మూడింతలైనది, అపాయమును మూడింతలైనది.

ఇక చోటు లెక్క. ఒక యింట 1, 2, 4 టెరాబైట్ల డిస్కులు మూడున్నవనుకొందము. కొసకు కొస చేర్చిన మొత్తము 7 టెరాబైట్లు దొరకును. మూటికిని సమముగా పంచి వ్రాసిన, అన్నింటికన్న చిన్నదాని పరిమాణమే కొలతబద్ద యగును. కావున మూడు ఒకట్లు 3 టెరాబైట్లే దక్కును. అద్దపు ప్రతి పెట్టినచో, పెద్దదానిలోని వ్రాతకు జంటప్రతి తక్కిన రెంటిలోను కలిపి 3 టెరాబైట్ల మేరకే చోటు దొరకును. కావున దక్కునది 3 టెరాబైట్లు. పెద్ద డిస్కులో ఒక టెరాబైటు జంట లేక ఖాళీగా నుండిపోవును. ఏడు ఎక్కడ, మూడు ఎక్కడ యని విచారపడరాదు. మిగిలినది వ్యర్థమైనది కాదు; కావలి కాయుచున్నది.

డిస్కులను ఎంచుట

కూర్పునకు పూనుకొనుటకు ముందు, విత్తనపుగింజలను చెఱిగి యేరినట్లు, డిస్కులను పరీక్షింపవలెను. ప్రతి డిస్కును తన యారోగ్యమును తానే గుర్తించుకొనుచుండును. ఆ గుర్తులను 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' వంటి యుచిత సాధనములు చదివి, మంచిది, జాగ్రత్త, చెడ్డది యను తీర్పు చెప్పును. 'జాగ్రత్త' యని చూపిన డిస్కును కూర్పులో చేర్చరాదు. టక్కుటక్కుమని చప్పుడు చేయుదానిని ముట్టనేరాదు. అందేమైన విలువైనది యున్న వెంటనే వెలికి దీయుటకు నిపుణునియొద్దకు పంపవలెను.

ఎచ్చటికైనను తీసికొనిపోవు బయటి డిస్కును కూర్పులో చేర్చుట యుక్తము కాదు. పూసలదండలోనుండి యొక పూసను ఊడదీసికొని పొరుగూరికి పోయిన దండ యేమగును? అట్లే, తీగతో తగిలించిన డిస్కు మధ్యలో ఊడినచో కూర్పు కుంటుపడును. విద్యుత్తు నిలిచి నిలిచి వచ్చు ఊళ్ళలో కంప్యూటరునకు 'యు.పి.యస్.' అను బ్యాటరీపెట్టె యుండుట మంచిది. వ్రాయుచుండగా విద్యుత్తు పోవుట ఏ డిస్కునకును మేలు కాదు. కూర్పునకు మఱింత కీడు.

విండోసునందు చేయు విధము

2012వ సంవత్సరమున విండోసు 8తో 'స్టోరేజ్ స్పేసెస్' అను సాధనము వచ్చినది. తరువాతి విండోసులందును అది యున్నది. దీనితో పలు డిస్కులను ఒక కూటమిగా చేసి, ఆ కూటమినుండి మనకు కావలసిన విధమున నొక క్రొత్త డిస్కును సృష్టింపవచ్చును. విండోసు ఏ డిస్కుమీద నున్నదో ఆ డిస్కును మాత్రము కూటమిలో చేర్చుటకు వీలులేదు.

అన్నింటికన్న ముందుగా హెచ్చరిక. కూటమిలో చేర్చు ప్రతి డిస్కుమీదను ఇదివఱకున్నదంతయు చెఱిపివేయబడును. కావున అందలి ఫైళ్ళనన్నింటిని కూటమిలో చేరని మఱియొక డిస్కునకు తీసి, అవి తెఱచుకొనుచున్నవో లేవో కొన్ని తెఱచి చూచి, ఆ పిమ్మటనే పని మొదలిడవలెను. తొందరపడినవారికి ఇచ్చటనే దెబ్బ తగులును.

డిస్కులను తగిలించి, వెదకు గడిలో 'స్టోరేజ్ స్పేసెస్' అని వ్రాసిన ఆ పుట తెఱచుకొనును. 'క్రియేట్ ఎ న్యూ పూల్ అండ్ స్టోరేజ్ స్పేస్' అను దానిని నొక్కిన డిస్కుల పట్టిక వచ్చును. చేర్చదలచినవానిని ఎంచవలెను, డిస్కుల పరిమాణమును చూచి గుర్తించి, ఒకటికి రెండుమార్లు సరిచూడవలెను. పిదప పేరును, అక్షరమును ఇచ్చినపిమ్మట, 'రెసిలియన్సీ టైప్' అను ముఖ్యమైన ప్రశ్న వచ్చును. దాని భావము, ఒకటి చెడిన ఏమి చేయుదువని యడుగుటయే. 'సింపుల్' అన్నచో కాపేమియు లేదు. డిస్కు పోయిన సర్వము పోవును. 'టూ-వే మిర్రర్' అనగా రెండు ప్రతులు. దీనికి కనీసము రెండు డిస్కులు కావలెను. 'త్రీ-వే మిర్రర్' అనగా మూడు ప్రతులు. దీనికి అయిదు డిస్కులు కావలెను. 'ప్యారిటీ' పైన చెప్పిన మొత్తపు పద్ధతి. దీనికి మూడు డిస్కులు కావలెను. గృహమునకు రెండు ప్రతుల పద్ధతియే చాలును. ఛాయాచిత్రములున్న కూటమికి 'సింపుల్' ఎన్నడును ఎంచవలదని మా సలహా.

ఈ సాధనమునందు పరిమాణమును ఉన్నదానికన్న నెక్కువగా వ్రాయుటకును వీలున్నది. డిస్కులు నిండవచ్చినప్పుడు క్రొత్తది చేర్చుమని విండోసు హెచ్చరించును. పదిమందికి బియ్యముంచుకొని ఇరువదిమందికి విస్తళ్ళు వేసినట్టిది కనుక, ఆ హెచ్చరికను అశ్రద్ధ చేయరాదు.

ఒక డిస్కు చెడిన ఆ పుటలోనే సూచన కనబడును. చెడినదానికి బదులు క్రొత్తది చేర్చిన, మిగిలిన ప్రతినుండి దానిని కంప్యూటరు తిరిగి నింపును. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున వ్రాసినను, 4 టెరాబైట్ల డిస్కు నిండుటకు ఏడు గంటలకు పైగా పట్టును. ఆ సమయమున కాపు లేదు. రెండవ డిస్కు కూడ చెడిన సర్వము పోయినట్లే. అందుచేత సూచన కనబడిన దినముననే క్రొత్తదానిని తెప్పించుట వివేకము. మఱియొక విషయము: కంప్యూటరు పాడైన, కూటమిలోని డిస్కులనన్నింటిని కలిపి మఱియొక విండోసు కంప్యూటరునకు మాఱ్చి చదువుకొనవచ్చును, అందొక్కదానిని మాత్రము విడిగా తగిలించి చూడబోయిన మామూలు డిస్కువలె తెఱచుకొనదు.

ఆపిల్ కంపెనీవారి 'మ్యాక్' వాడువారికి 'డిస్క్ యుటిలిటీ' యందు కొసకు కొస చేర్చుట, పంచి వ్రాయుట, అద్దపు ప్రతి యను మూడు విధములును కలవు. లినక్సునందు పైయైదు విధములకును సాధనములున్నవి. ఏ కంప్యూటరైనను అడుగవలసిన ప్రశ్న మాత్రము ఒక్కటియే.

అద్దపు ప్రతి దాపుడుప్రతి కాదు

ఇల్లు అలుకగానే పండుగ కాదు. రెండు ప్రతుల కూటమి కట్టితిమి గనుక ఇక భయములేదని పలువురు నిశ్చింతగా నుందురు. ఇది పెద్ద పొరపాటు. అద్దము మన ముఖమునందలి మసిని కూడ చూపును గదా! పిల్లవాడు తెలియక ఒక ఫోల్డరును చెఱిపినచో, ఆ క్షణముననే రెండు డిస్కులమీదను అది చెఱిగిపోవును. ఫైళ్ళను బంధించి ధనమడుగు దొంగప్రోగ్రాము ప్రవేశించినచో రెండు ప్రతులను ఒక్కమాటే బంధించును. పిడుగు పడినను, ఇల్లు మునిగినను, దొంగ కంప్యూటరు నెత్తుకొనిపోయినను, ఒక్క పెట్టెలో నున్న రెండు డిస్కులును ఒక్కటిగానే పోవును. కూటమి కాపాడునది డిస్కు చెడుటనుండి మాత్రమే.

ఇందులకు జగత్ప్రసిద్ధమైన దృష్టాంత మొకటి కలదు. 1998వ సంవత్సరమున అమెరికాలో పిక్సార్ అను చిత్రనిర్మాణశాలలో 'టాయ్ స్టోరీ 2' అను బొమ్మల చలనచిత్రము తయారగుచుండెను. ఒకనాడు ఎవరో పొరపాటున ఇచ్చిన చెఱిపివేత యాజ్ఞవలన, పనివారు చూచుచుండగనే చిత్రములోని బొమ్మలు, దృశ్యములు ఒక్కటొక్కటిగా మాయమయ్యెను. చిత్రములో అధికభాగము పోయినది. దాపుడుప్రతి యున్నదిగదా యని దానికొఱకు పోగా, అదియును సరిగా పనిచేయకుండెనని అప్పుడే తెలిసినది. పెద్ద శాల, గొప్ప నిపుణులు, ఎన్నో కంప్యూటరులు; ఏవియు అక్కఱకు రాలేదు.

ఆ చిత్రమును రక్షించినది ఒక తల్లి గృహము. గేలిన్ సస్మన్ అను నామె ఆ చిత్రమునకు సాంకేతిక పర్యవేక్షకురాలు. ఆమెకు అప్పటికి కొద్దికాలము క్రిందటనే ప్రసవమై, బిడ్డను చూచుకొనుచు ఇంటినుండి పనిచేయుటకై చిత్రపు ప్రతి నొకదానిని తన యింటి కంప్యూటరులో నుంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డనువలె కారులో నెమ్మదిగా శాలకు చేర్చిరి. అందుండి చిత్రము తిరిగి లభించినది, 1999లో విడుదలయైనది. శాలలో ఎన్ని డిస్కులు కూర్చియుండిరనునది కాదు వారిని కాచినది; వేఱొక చోట, వేఱొక పెట్టెలో, ఆ ప్రమాదము తాకని ప్రతి యొకటి యుండుటయే కాచినది.

మూడు ప్రతుల నియమము

ఛాయాచిత్రకారులును కంప్యూటరు నిపుణులును పాటించు నియమ మొకటి కలదు: విలువైన ప్రతి వస్తువునకు మూడు ప్రతులుండవలెను, అవి రెండు వేర్వేఱు తెఱగుల సాధనములమీద నుండవలెను, వానిలో ఒకటి యింటికి వెలుపల నుండవలెను. దీనిని గృహమున పాటించుట కష్టము కాదు.

మొదటి ప్రతి కంప్యూటరులోని కూటమి. అద్దపు ప్రతి యున్నను దానిని ఒక్కటిగానే లెక్కింపవలెను. రెండవది యొక బయటి డిస్కు. నెలకొకమాఱు తగిలించి క్రొత్తవానిని వ్రాసి, వెంటనే ఊడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించియే యుంచిన దొంగప్రోగ్రామునకు అదియును చిక్కును. మూడవది పుట్టింటనో, అక్కచెల్లెండ్ర యింటనో దాచు డిస్కు. పండుగకు పోయినపుడెల్ల మాఱ్చి తెచ్చుకొనవచ్చును. లేదా నెలనెల కొంత సొమ్ము చెల్లించి అంతర్జాలపు నిలువలో ఉంచుకొనవచ్చును. కూటమిలో చేర్చుటకు చాలని చిన్న పాతడిస్కులు, పరీక్షలో మంచివని తేలిన, ఈ మూడవ ప్రతికి చక్కగా పనికివచ్చును. ఇంటిలోని పాతవస్తువును వ్యర్థము చేయని గృహిణికి ఇంతకన్న సంతోషమేమి?

ప్రతి తీసినంతమాత్రాన చాలదు. ఏడాదికి రెండుమార్లైనను దానినుండి పది ఫైళ్ళను తెఱచి చూడవలెను. ఊరగాయ జాడీ మూత కట్టి మూలనుంచి, ఏడాదిపిమ్మట తెఱచి బూజు చూచి దుఃఖించుటకన్న, నడుమ నడుమ కలియబెట్టి చూచుకొనుట మన యాడువారికి క్రొత్త గాదు.

పుస్తకమున వ్రాసి యుంచవలసినవి

కడపట నొక ముఖ్యమైన మాట. డిస్కులను కూర్చువారు ఇంటిలో సాధారణముగా ఒక్కరే యుందురు. వారు పరదేశమునకు పోవచ్చును; వ్యాధిగ్రస్తులు కావచ్చును; మనుష్యజీవితము గనుక అంతకన్న నధికమైన విపత్తును రావచ్చును. అట్టి దినమున దుఃఖముతో పాటు, చేతిలో నాలుగు డిస్కులుండియు ఒక్క చిత్రమైనను తెఱవలేని నిస్సహాయత కుటుంబమునకు కలుగరాదు. డిస్కునకు 'బిట్‌లాకర్' అను తాళము వేసియున్నచో, సంకేతపదముగాని 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యగాని లేనిదే దానిని ఎవరును తెఱవలేరు. దొంగ చేతికి చిక్కకుండ కాపాడు తాళమే, సంఖ్య తెలియని యింటివారిని కూడ వెలుపల నిలుపును.

కావున ఇంటిలెక్కల పుస్తకములో ఒక పుట దీనికై కేటాయింపవలెను. కూటమిలో ఎన్ని డిస్కులున్నవి, ఒక్కొక్కటి యెంతటిది, ఎన్నడు కొన్నది. ఏ పద్ధతిని కూర్చినది. దాపుడుప్రతులు ఎచ్చటెచ్చట నున్నవి. కడపట ఎన్నడు వ్రాసినది - ఇంతమాత్రము వ్రాసిన చాలును. డిస్కులమీద 1, 2, 3 అని చీటీలంటించి, అవే సంఖ్యలను పుస్తకమున చూపవలెను. తాళపు సంఖ్యను వేఱు కాగితముమీద వ్రాసి దస్తావేజులతో కలిపి భద్రపఱుపవలెను. ఇంటిలో కనీస మిద్దఱికైనను ఈ పుట యున్న సంగతి తెలిసియుండవలెను.

డిస్కు నేటి సాయంత్రము అంగడిలో దొరకును. తాతగారి కంఠస్వరము ఏ యంగడిలోను దొరకదు. చేతులు కాలినపిమ్మట ఆకులకై పరుగిడుటకన్న, తీఱికయున్న నేడే మన డిస్కులను లెక్కించి, పరీక్షించి, తగిన కాపుతో కూర్చి, వేఱుచోట ప్రతినుంచుట మేలు. మొదట దాపుడుప్రతి, తరువాత కూటమి: ఈ వరుసను మాత్రము మఱవవలదని సోదరీమణులను మేము కోరుచున్నాము.